విమానం దింపి వెళ్ళిపోయాక

రోడ్డు లేని సరస్సు, ఒడ్డున చెక్క క్యాబిన్. నీటి మీద వాలే చిన్న విమానం మిమ్మల్ని దింపి వెళ్తుంది, వారానికి మళ్ళీ వస్తుంది. కెనడాలోని ఉత్తర ఒంటారియోలో రెడ్ లేక్, సూ లుకౌట్ లాంటి ఊళ్ళ నుంచి సాగే ఈ చేపల వేట యాత్రల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలివి.

ప్రశ్న: జూన్‌లో నలుగురం వెళ్తున్నాం. మనిషికి 80 పౌండ్ల సామానే అంటున్నారు. వారం రోజుల తిండి కూడా అందులోనేనట. ఇది కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుంది, పానీయాల దగ్గర చెయ్యి బిగిస్తే. ఈ సరస్సులకు తిరిగే విమానాల్లో బాగా పేరున్నది డి హావిలాండ్ బీవర్. 1947లో తొలిసారి ఎగిరిన రకం, 450 హార్స్‌పవర్ ఒంటి ఇంజను. నలుగురు మనుషులూ వాళ్ళ మూటలూ ఎక్కితే దాని శక్తి అయిపోయినట్టే. మీ ఒంటి బరువు కూడా అడుగుతారు. మొహమాటపడి తగ్గించి చెప్పొద్దు. గాలి లేని వేడి రోజున సరస్సు అద్దంలా ఉందంటే ఫ్లోట్లు, అంటే విమానం కింద తేలే దోనెలు, నీటిని వదిలి లేవడానికి చాలా దూరం పరుగు తీయాలి. చిన్న సరస్సులో అంత దూరం దొరకదు. అప్పుడు సామాను తగ్గించాలి, లేదంటే రెండో ట్రిప్పుకు డబ్బు కట్టాలి.

355 మిల్లీలీటర్ల డబ్బాలు 24 ఉన్న పెట్టె దాదాపు 20 పౌండ్లు తూగుతుంది. నాలుగు పెట్టెలు పెడితే ఒక మనిషి వాటా మొత్తం పోయింది. పొడులు పట్టుకెళ్ళి, సరస్సు నీటిని ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చి కలుపుకోండి. కాచని నీటిలో జియార్డియా అనే పరాన్నజీవి ఉండొచ్చు, నీళ్ళు ఎంత తేటగా కనిపించినా సరే.

వండిన కూరలు, మాంసం జిప్ సంచుల్లో పలచగా పరిచి గడ్డకట్టించండి. అవే కూలర్‌లో మంచుగడ్డల పని చేస్తాయి. చేపలు వేయించడానికి నలుగురికి రెండు లీటర్ల నూనె, కిలో పిండి, ఐదు కిలోల బంగాళాదుంపలు చాలు. అయితే రాత్రి భోజనాల్లో సగానికి మించి చేపల మీద పెట్టుకోకండి. చలిగాలి తిరిగితే రెండు రోజులు ఒక్కటీ పడకపోవచ్చు. బాణలి, గిన్నెలు క్యాబిన్‌లో ఏమున్నాయో జాబితా ముందే తెప్పించుకోండి. గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచులైతే విమానం తోకలో సందుల్లోకి దూరతాయి. గాలపు కర్రలు (రాడ్లు) నలుగురివీ ఒకే గొట్టంలో సర్దండి.

ఎలుగుబంటిని తరిమే కారపు స్ప్రే, పెట్రోలు, గ్యాస్ డబ్బా ఏదున్నా ఎక్కేముందే పైలట్‌కు చెప్పండి. స్ప్రే డబ్బా విమానం లోపల పేలితే పైలట్ కళ్ళు కనబడవు. అందుకే చాలామంది దాన్ని ఫ్లోట్ అరలో పెడతారు.

ప్రశ్న: లైసెన్సు రెండు రకాలట. ఏది కొనాలి? ఎన్ని చేపలు తెచ్చుకోవచ్చు?

జవాబు: ముందు అవుట్‌డోర్స్ కార్డు (ఒంటారియో ఇచ్చే గుర్తింపు కార్డు), దాని మీద లైసెన్సు. స్పోర్ట్ లైసెన్సుకు పరిమితి ఎక్కువ, కన్సర్వేషన్ లైసెన్సుకు తక్కువ, ధర కూడా తక్కువే. సూ లుకౌట్ ఉన్న 4వ మత్స్య మండలంలో వాలై చేపలకు స్పోర్ట్ మీద 4, కన్సర్వేషన్ మీద 2. అందులో 46 సెంటీమీటర్లు దాటినవి ఒకటికి మించకూడదు. వాలై వేట అక్కడ మే మూడో శనివారం మొదలవుతుంది. కొన్ని సరస్సులకు ప్రత్యేక నియమాలుంటాయి కాబట్టి ఆ ఏటి నియమాల పుస్తకంలో మీ సరస్సు పేరు వెతికి చూడండి.

చాలామంది తప్పు చదివేది ఇక్కడే. ఆ 4 రోజువారీ పరిమితే కాదు, మీ దగ్గర ఉండదగిన మొత్తం కూడా అంతే. ఏడు రోజులకు 28 అని లెక్క కట్టకండి. తినేసినవి నిల్వ లెక్కలోకి రావు; ఫ్రిజ్‌లో ఉన్నవి వస్తాయి. తాడుకు గుచ్చిన చేపను, పెద్దది దొరికిందని వదిలేసి మార్చుకోవడమూ కుదరదు.

ఇంటికి తెచ్చే ముక్కల మీద, జాతి గుర్తుపట్టేలా కొంచెం చర్మం వదలాలి. ముక్కలన్నీ ఒకే సంచిలో కుక్కి గడ్డకట్టిస్తే అధికారి లెక్కపెట్టలేడు, అది మీ తప్పవుతుంది. ఒక్కో చేప రెండు ముక్కలనూ విడిగా, పలచగా చుట్టండి.

ప్రశ్న: ఎరగా జలగలు, చిన్న చేపలు అమెరికా నుంచి తీసుకెళ్ళొచ్చా? గాలాల పెట్టెలో ఏమేం ఉండాలి?

జవాబు: తీసుకెళ్ళకూడదు. జలగలనూ బతికున్న ఎర చేపలనూ ఒంటారియోలోకి తేవడం నేరం. వానపాములు తేవచ్చు, కానీ మట్టిలో కాదు. కాగితపు తురుములో ఉండాలి. నిజానికి జనం తక్కువగా వెళ్ళే ఈ సరస్సుల్లో గాలానికి తొడిగే మెత్తటి ప్లాస్టిక్ తోకలతోనే పని జరిగిపోతుంది.

మనిషికి పావు ఔన్సు జిగ్‌లు (తల బరువున్న గాలాలు) 20, అందులో సగం బరువువి 10, మూడంగుళాల తోకలు తెలుపు, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుల్లో ముప్పై దాకా, నాలుగైదు స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు). ఒక మీడియం రాడ్ 8 పౌండ్ల లాగుడు తట్టుకునే దారంతో వాలైకి, ఇంకొంచెం గట్టిది 30 పౌండ్ల అల్లిక దారంతో పైక్ చేపకి. పైక్ పళ్ళు మామూలు దారాన్ని కోసేస్తాయి, కాబట్టి చివర జానెడు ఉక్కు తీగ తప్పదు. మూడు అరల పెట్టెలు మోసుకొచ్చే వాళ్ళు మొదటి రోజు తరువాత పై అర తప్ప ముట్టుకోరు.

జిగ్ బరువు సరిగ్గా ఉందో లేదో చెయ్యే చెబుతుంది. అడుగు తగిలినట్టు తెలియకపోతే ఇంకా బరువుది కట్టండి. ప్రతిసారీ రాళ్ళలో ఇరుక్కుంటుంటే తేలికది కట్టండి.

ఎక్కడ వేయాలన్నది నెలను బట్టి ఉంటుంది. వాలై వసంతంలో వాగు వచ్చి కలిసే చోట గుడ్లు పెట్టి, జూన్‌లో కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటుంది. వేగంగా పారే నీరూ, పక్కనే సుడి తిరిగే నిలకడ నీరూ కలిసే గీత మీద జిగ్‌ను ప్రవాహానికి ఎగువన వేసి, అడుగున దొర్లుతూ రానివ్వండి. జూలై, ఆగస్టుల్లో నీటి మొక్కల అంచులు, నీట మునిగిన రాతి దిబ్బలు, 12 నుంచి 25 అడుగుల లోతు. గాలి కొట్టే ఒడ్డు అసౌకర్యంగా ఉన్నా అక్కడికే వెళ్ళండి. అలల వల్ల వెలుతురు తగ్గుతుంది, మసకలో బాగా చూడగల కళ్ళున్న వాలైకి అదే వేట సమయం. 30 అడుగులు దాటిన లోతు నుంచి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా బతకడం కష్టం. వదిలే ఉద్దేశం ఉంటే అంత లోతున వేయకండి.

ప్రశ్న: సరస్సు మధ్యలో మోటారు ఆగిపోతే?

జవాబు: తాడు లాగుతూ కూర్చోకముందు పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి మరను చూడండి. అది మూసి ఉంటే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు, గొట్టం మీది రబ్బరు బుడ్డ చప్పిడిపోయి ఉంటుంది. చాలాసార్లు కారణం ఇదే. తరువాత గొట్టం రెండు కొనలూ బిగిసి ఉన్నాయా, ఇంజనును ఆపే ఎర్ర తాడు క్లిప్పు ఊడిందా, గేరు న్యూట్రల్‌లో ఉందా చూసి, బుడ్డ గట్టిపడేదాకా నొక్కండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఎక్కువైంది: చోక్ లోపలికి నెట్టి పది నిమిషాలాగి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి లాగండి.

ఇంజను తిరుగుతున్నా పడవ కదలకపోతే పంకా రాయికి కొట్టుకుని షియర్ పిన్ (పంకాను పట్టి ఉంచే చిన్న మేకు) విరిగింది, లేదా లోపలి రబ్బరు జారుతోంది. పిన్ ఉండే మోటారైతే రెండు పిన్నులు, కటింగ్ ప్లేయరు పడవలోనే ఉంచండి. ఇంజనును చల్లబరిచి వెనక నుంచి సన్నగా కారే నీటి ధార ఆగితే ఇంజను వెంటనే ఆపాలి. ఆ రంధ్రంలో మందపాటి గాలపు దారం పొడిస్తే ఇసుక, నాచు వచ్చేస్తాయి. ఈ సరస్సుల నీరు చాలా చోట్ల టీ రంగులో ఉంటుంది, రాయి కనిపించేసరికి పంకా దానికి తగిలే ఉంటుంది. మొదటి రోజు నెమ్మదిగా తిరగండి. లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండండి, కింద పడేసి కాదు: జూన్ నీళ్ళలో పది నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి.

ప్రశ్న: క్యాబిన్‌లో గ్యాస్ ఫ్రిజ్ చల్లబడటం లేదని విన్నాం. పాడైనట్టేనా?

జవాబు: చాలాసార్లు కాదు. ఇది మంటతో నడిచే ఫ్రిజ్, మోటారు ఉండదు. సమంగా నిలబడితేనే లోపలి ద్రవం తిరుగుతుంది, ఒక పక్కకు వాలితే పని ఆపేస్తుంది. వెచ్చటి డబ్బాలు నింపితే ఒక రోజంతా తేరుకోదు. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఉండి మసి పడుతుంటే ఆపేసి తలుపులు తెరవండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. పెద్ద సిలిండర్ మార్చేటప్పుడు ఒక మాట: ఆ బిగింపు మర చాలా వాటికి తిరగేసి ఉంటుంది, ఎడమకు తిప్పితే బిగుస్తుంది. బిగించాక సబ్బు నీళ్ళు పూసి బుడగలు చూడండి.

ప్రశ్న: చేపల పేగులు, తలలు ఎక్కడ పారేయాలి?

జవాబు: క్యాబిన్ దగ్గర మాత్రం వద్దు, నల్ల ఎలుగుబంటి ఒక్కసారి రుచి మరిగితే తరువాత వచ్చే అతిథుల తలుపు కూడా గీరుతుంది. నిర్వాహకులు చూపించిన చోట, తరచుగా దూరంగా ఉన్న రాతి తిన్నె మీద వేస్తే గంటలో పక్షులు ఊడ్చేస్తాయి.

ప్రశ్న: చెప్పిన రోజున విమానం రాకపోతే ఏం చేయాలి?

జవాబు: ఆగాలి. ఈ విమానాలు పైలట్ కంటికి దారి కనబడితేనే ఎగురుతాయి. పొగమంచు, కిందికి దిగిన మబ్బు, కార్చిచ్చు పొగ, రేవు దగ్గర పెద్ద అలలు, వీటిలో ఏదైనా చాలు. రెండు రోజుల తిండి, మూడు రోజుల మందులు అదనంగా పెట్టుకోండి. శాటిలైట్ ఫోనో మెసేజ్ యంత్రమో ఉంటే రోజూ ఏ వేళకు పలకాలో నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి, మధ్యలో ఆపేసి బ్యాటరీ మిగల్చండి.

చెప్పిన వేళకల్లా సామాను సర్దాలి, కానీ ఒక పూట తిండి, నిద్ర సంచులు పైనే ఉంచండి. ఇంకో గంట వేటకని పడవ తీసుకుని వెళ్ళొద్దు: మబ్బు అరగంట తెరిపిస్తే ఆ అరగంటలోనే పైలట్ వస్తాడు, మీరు లేకపోతే పక్క సరస్సు వాళ్ళను తీసుకెళ్తాడు. రేవు మీద పడవలు పక్కకు జరపండి. పంకా పూర్తిగా ఆగి, పైలట్ పిలిచేదాకా ఎవరూ ముందుకు రావద్దు. తిరుగు ప్రయాణపు టికెట్టు అదే రోజు రాత్రికి కాకుండా కనీసం మర్నాటి సాయంత్రానికి కొనండి.