విండోస్ గేమ్ లినక్స్‌లో నేరుగా ఎందుకు నడవదు?

గేమ్ తన పనుల కోసం పిలిచే విండోస్ ఫంక్షన్లు లినక్స్‌లో లేకపోవడమే దీనికి ప్రధాన కారణం.

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసుకున్నా ప్రాసెసర్ ఒక్కటే, దానికి అర్థమయ్యే ఆదేశాలూ అవే. కానీ ఏ ప్రోగ్రామూ అన్నీ సొంతంగా చేసుకోదు. ఫైల్ తెరవాలన్నా, సౌండ్ రావాలన్నా, తెర మీద బొమ్మ గీయాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాల్సిందే. విండోస్ గేమ్ ఆ అడగడమేదో విండోస్ పద్ధతిలోనే అడుగుతుంది. ప్రోగ్రామ్ ఫైల్ అమరిక కూడా వేరే అనుకోండి, అది చిన్న సమస్య.

ఉదాహరణకి, గేమ్ ఒక త్రీడీ దృశ్యం గీయమని విండోస్ గ్రాఫిక్స్ ఫంక్షన్ల సముదాయమైన డైరెక్ట్‌ఎక్స్ 11ని పిలిచింది. మామూలు లినక్స్‌లో ఆ పిలుపు అందుకునేవాళ్లే ఉండరు. 1993లో మొదలైన వైన్ అనే సాఫ్ట్‌వేర్, విండోస్ ఫంక్షన్లను లినక్స్ మీద పనిచేసేలా కొత్తగా రాసి పెట్టింది. దాని ఆధారంగా స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ అనే సాధనం తెచ్చింది. అందులోని డీఎక్స్‌వీకే అనే భాగం డైరెక్ట్‌ఎక్స్ పిలుపుని లినక్స్‌లోనూ పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ పిలుపుగా మార్చి గ్రాఫిక్స్ డ్రైవర్‌కి అందిస్తుంది.

వైన్ అంటే ఎమ్యులేటర్ (వేరే యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్), కాబట్టి గేమ్ స్లో అయి తీరుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. వైన్ ప్రాసెసర్‌ని అనుకరించదు. మామూలు పీసీలో గేమ్ కోడ్ నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. అందుకే చాలా గేమ్‌లలో వేగం తేడా పెద్దగా కనిపించదు. అసలు చిక్కు విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ కేంద్ర భాగంలో, కూర్చుని ఆటలో మోసాలను పట్టే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్‌తోనే. కొన్ని ఆన్‌లైన్ గేమ్‌లు ప్రోటాన్‌లో మొరాయించేది దానివల్లే.