1800ల తొలినాళ్లలో అమెరికా దక్షిణాది పొలాల్లో వంటిల్లు విడిగా ఎందుకు కట్టేవారు?

ముఖ్యంగా నిప్పు భయం. ఇళ్లు చెక్కవి, పొయ్యి రోజంతా మండేది. జార్జియా, కరోలినాల వేసవిలో ఆ వేడిని ఇంట్లో భరించడమూ కష్టమే.

పెరట్లో నా దృష్టిలో అన్నిటికన్నా కీలకమైనది పొగగది. చలి ముదిరాక పందుల్ని కోసి, మాంసానికి ఉప్పు పట్టించి వారాల తరబడి ఉంచేవారు. తర్వాత దూలాలకు వేలాడదీసి హికరీ అనే గట్టి చెట్టు కట్టెల పొగ పెట్టేవారు. మొక్కజొన్నతో పాటు ఏడాదంతా తిండి అదే. మొక్కజొన్న కంకులు దాచే కొట్టుకు పలకల మధ్య సందులు వదిలేవారు, గాలి ఆడకపోతే బూజు పడుతుంది కదా.

పాలు పితకడం, నీళ్లు మోయడం, వెన్న చిలకడం చిన్న రైతుల ఇళ్లలో కుటుంబమే చేసుకునేది. బానిసలున్న చోట ఆ చాకిరీ అంతా వాళ్ల మీదే పడేది. వంట చేసే స్త్రీ చాలా చోట్ల ఆ వంటింటి అటక మీదే పడుకునేది.