ఓడ సంగతి తర్వాత, ముందు సముద్రం చూసుకో

బుజ్జీ,

నువ్వు పంపిన క్రూజ్ లింకులన్నీ చూశాను. అన్నింట్లోనూ వాటర్ స్లైడులు, అద్దాల లిఫ్టులు, రాత్రిపూట దీపాలతో మెరిసిపోయే ఓడ ఫొటోలే. "వీటిలో ఏది బాగుంటుంది పెద్దమ్మా" అని అడిగావు. ఫొటోల్లో అన్నీ బాగానే ఉంటాయే. నువ్వు ముందు తేల్చుకోవాల్సింది ఎవరెవరు వస్తున్నారు, ఏ నెలలో, ఏ సముద్రం మీద అన్నది. అది తేలితే ఓడ ఎంచుకోవడం అరగంట పని.

మీరు ఆరుగురు. మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు, బీపీ, షుగర్ మాత్రల డబ్బాతో మీ మావగారు, మీ ఇద్దరు, పిల్లలిద్దరు. ఈ ఆరుగురిలో ఎవరు ఇబ్బంది పడితే మిగతా ఐదుగురికీ ట్రిప్పు చేదవుతుందో వాళ్లకి సరిపోయేది వెతుకు. మీ ఇంట్లో అది మీ అత్తగారే అని నా అనుమానం. (ఈ ఉత్తరం ఆవిడకి చూపించకు.)

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం పొంగుతూ ఉంటుంది. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు తిరిగే కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ వానాకాలంలో ఇటు చెన్నై వైపు రావడం అందుకే. 2022 జూన్‌లో అలాగే మన విశాఖకీ వచ్చింది, మరుసటి ఏడాది సెప్టెంబరులో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఇంటి గుమ్మంలో ఎక్కేయొచ్చు కదా అని నాకూ ఆశే గానీ, ప్రతి సీజన్‌లోనూ వస్తుందని లెక్క వేసుకోకు, ఆ ఏడాది షెడ్యూలు చూడాల్సిందే. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం తుఫాన్ల సంగతి మన కోస్తావాళ్లకి ఒకరు చెప్పాలా! సింగపూర్ నుంచి పైకి వెళ్లే మలక్కా జలసంధికి మాత్రం ఒక పక్క సుమత్రా, ఇంకో పక్క మలేసియా అడ్డుగా ఉంటాయి, నీళ్లు చాలావరకు నెమ్మదిగానే ఉంటాయి. అదే ఓడ ఇంకా పైకి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దాకా వెళ్లిందంటే అది అండమాన్ సముద్రం, అక్కడ మే నుంచి అక్టోబరు దాకా అలల తాకిడి ఉంటుంది. పిల్లల సెలవులు మేలోనే అంటున్నావు కాబట్టి నా ఓటు సింగపూర్‌లో ఎక్కి మలేసియాలోని పెనాంగ్ చూసి తిరిగొచ్చే మూడు రాత్రుల ట్రిప్పుకి. మొదటిసారికి మూడు రాత్రులు చాలు. ఏడు రాత్రులదైతే తల ఒక్కింటికి రోజు ఖర్చు తగ్గుతుందని ఏజెంటు ఊదరగొడతాడు, వినకు. సముద్రం మీ ఒంటికి పడుతుందో లేదో తెలియకుండా వారం రోజులకి డబ్బు కట్టడం దేనికి?

లక్షద్వీప్ చూడాలని నీకు ఎప్పటి నుంచో ఉందని తెలుసు. నిజంగానే చూడాల్సిన చోటు, పైగా మన దేశమే కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు. ద్వీపంలోకి ప్రవేశ అనుమతి మాత్రం కావాలి, అది ప్యాకేజీలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడుగు. అసలు చిక్కు వేరే ఉంది. పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు, లోతు ఉన్నచోట లంగరేసి నిన్ను చిన్న పడవలోకి దింపుతారు. ఓడ కింది అంతస్తులో పక్కన ఒక తలుపు తెరుస్తారు, బయట పడవ పైకీ కిందకీ ఊగుతుంటుంది, అది ఎత్తుకి లేచినప్పుడు ఇద్దరు మనుషులు నీ మోచేతులు పట్టుకుని "ఇప్పుడు" అంటారు, ఆ క్షణంలో అడుగు వెయ్యాలి. నీకూ నాకూ సరదాగానే ఉంటుంది. మోకాళ్లు వంగని మనిషికి అక్కడే చెమటలు పడతాయి, చీర కట్టుకుంటే మరీను. గాలి ఎక్కువగా ఉంటే ఆ దిగడమే రద్దు చేస్తారు, అప్పుడు టికెట్టు డబ్బు వెనక్కిస్తారని ఆశ పెట్టుకోకు. ఫుకెట్‌లో పటాంగ్ దగ్గర కూడా పెద్ద ఓడలు చాలావరకు ఇలాగే పడవల్లో దింపుతాయి. అందుకే ఏ ట్రిప్పు చూసినా, ఏ ఊళ్లో ఓడ గట్టుకి ఆనుతుంది, ఏ ఊళ్లో పడవల్లో దింపుతారు అన్న ప్రశ్న మొట్టమొదట అడుగు.

పెనాంగ్ అన్నది ఊరికే కాదు. అక్కడ ఓడ స్వెట్టెన్‌హామ్ గట్టుకే ఆనుతుంది, అది జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. 2008లో యునెస్కో గుర్తించిన పాత ఊరు అది. లిటిల్ ఇండియా నడిచి వెళ్లేంత దగ్గర, 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి కూడా ఆ చుట్టుపక్కలే, అత్తగారు సంతోషిస్తారు. టూరు ఏదీ కొనకుండా మీ అంతట మీరే తిరిగి రావచ్చు. అదే "కౌలాలంపూర్" అని రాసి ఉందనుకో, ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో, ఊరు అక్కడి నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. రానూపోనూ బస్సులోనే పూట గడిచిపోతుంది, పెట్రొనాస్ టవర్ల ముందు ఒక ఫొటో తీసుకుని పరిగెత్తుకు రావాలి. కాగితం మీద రెండూ మలేసియానే.

డబ్బు సంగతి. పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు ఒక మనిషికి, అదీ గదికి ఇద్దరు చొప్పున. దాని మీద పోర్టు చార్జీలు, పన్నులు, టిప్పులు వేరే. టిప్పు అంటే మన ఇష్టం అనుకునేవు, ఓడ మీద అది రోజుకి మనిషికి ఇంత అని బిల్లులోనే వేస్తారు, పసిపిల్లలకి కూడా చాలా కంపెనీలు వేస్తాయి. రోజుకి 18 డాలర్లు అనుకున్నా ఆరుగురికి మూడు రాత్రులకి 324 డాలర్లు. ఇంటర్నెట్, కూల్‌డ్రింకులు, కొన్ని రెస్టారెంట్లు, ఒడ్డు మీద టూర్లు అన్నీ విడి. విమానం టికెట్లు, ముందురోజు సింగపూర్‌లో హోటల్, వీసా, ఇన్సూరెన్స్ కూడా కలుపు. ప్యాకేజీ ఇక్కడ కొంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు, అది ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ ముందు జేబులోంచి తియ్యాల్సిందే. ఏజెంటుని "అన్నీ కలిపి ఆరుగురికి చివరి అంకె ఎంత, ఇందులో ఏమేం లేవు" అని అడుగు. ఆ రెండో ప్రశ్నకి నసిగేవాడి దగ్గర కొనకు.

గదులు రెండు తీసుకో. ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి రేటు తగ్గుతుంది కాబట్టి మీ నలుగురికీ నాలుగు పడకల ఇన్‌సైడ్ గది చాలు. దానికి కిటికీ ఉండదు, రెండు పడకలు పైనుంచి దిగుతాయి, బాబు ఆ పై పడక దిగి రాడు చూడు. లైటు తీస్తే కటిక చీకటి, పిల్లలు హాయిగా నిద్రపోతారు. బాల్కనీ గది పెద్దవాళ్లకి ఇవ్వండి. వాళ్లు బయటికి రాలేని పూట కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ కూర్చుంటారు, సాయంత్రం కాఫీకి మీరందరూ చేరేదీ అక్కడే. అల్లుడు "అందరికీ బాల్కనీ" అంటే ఆ డబ్బుతో మీ ఇద్దరూ ఇంకోసారి వెళ్లొచ్చని చెప్పు.

గది ఎక్కడ ఉందో కూడా చూసుకోవాలి. ఓడ పొడవుకి మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ, ముక్కు దగ్గర, పై అంతస్తుల్లో ఎక్కువ. ప్లాను ఆన్‌లైన్‌లో ఉంటుంది, నీ గదికి పైనా కిందా ఏముందో చూడు. పైన ఈతకొలను ఉంటే తెల్లవారకుండానే కుర్చీలు లాగే చప్పుడు, కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డప్పులు. "గ్యారంటీ గది" అని కాస్త చవకగా అమ్ముతారు, దాని అర్థం వాళ్లకి మిగిలిన గది నీకు ఇస్తారని, పెద్దవాళ్లతో అది వద్దు. స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్ లాంటి ఓడ 347 మీటర్ల పొడవు ఉంటుంది, గది ఈ చివర, భోజనాల హాలు ఆ చివర పడితే పూటపూటా ఆవిడకి నడకే. లిఫ్టుకి దగ్గర గది అడుగు, ఎదురుగా మాత్రం వద్దు. ఎంప్రెస్ 1990 నాటి ఓడ, చాలా చిన్నది, నడక తక్కువ, కాకపోతే చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది. బాత్రూమ్ ఎక్కడైనా ఇరుకే, చాలా ఓడల్లో దానికి గడప ఉంటుంది, మొదటి రాత్రి అందరి కాలూ దానికి తగులుతుంది.

తిండి గురించి మీ మావగారు బెంగ పడుతున్నారన్నావు. సింగపూర్ ఓడల్లో మనవాళ్లు బాగా ఎక్కుతారు, పప్పు, అన్నం, కూర ఏదో ఒక మూల ఉంటాయి. శాకాహారం అని బుకింగ్‌లోనే రాయించు, మొదటి రాత్రి హాల్లో వడ్డించే మనిషికి మళ్లీ చెప్పు. పెరుగు పొద్దున టిఫిన్ల దగ్గర దొరుకుతుంది, తియ్యటిది కాదని చూసి తీసుకోండి. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టెలో పెట్టకు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇంట్లో చేసిన ఆవకాయ కూడా చాలా కంపెనీలు రానివ్వవు, సీలు వేసిన ప్యాకెట్లయితే మామూలుగా ఏమీ అనరు. మీ అమ్మ జాడీ కట్టిస్తానంటే నేను మాట్లాడతాలే.

వాంతుల మందు సంగతి ఇప్పుడే చూసుకో. స్టుజెరాన్, అవోమిన్ అందరికీ తెలిసినవే గానీ, మావగారు వేసుకునే మాత్రలతో, చిన్నదాని వయసుకి ఏది ఎంత వెయ్యాలో మీ డాక్టర్నే అడుగు. తల తిరగడం మొదలయ్యాక మింగితే పెద్దగా లాభం ఉండదు, ముందే వెయ్యాలి, వేసుకుంటే మగతగా ఉంటుంది. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లు మాత్రం డాలర్లలో గుండె గుభేలుమనేలా ఉంటుంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పెద్దవాళ్లకి ముందు నుంచి ఉన్న జబ్బులకి, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించడానికి వర్తిస్తుందో లేదో చదివి మరీ కొను.

కాగితాలు: పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలైనా గడువు ఉండాలి. ఓడ ఎక్కడమంటే సింగపూర్ వదిలి మళ్లీ రావడం, కాబట్టి రెండోసారి ప్రవేశానికి నీ వీసా పనికొచ్చేలా ఉండాలి. సింగపూర్ అరైవల్ కార్డు చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసెయ్. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లని వీసా లేకుండా రానిస్తోంది, అయినా బుక్ చేసే రోజున మళ్లీ సరిచూసుకో, ఈ నియమాలు మారుతుంటాయి.

ఎక్కే రోజు ఉదయం విమానం దిగి నేరుగా ఓడకి వెళ్దామని అల్లుడు లెక్కలు వేస్తాడు, ఒప్పుకోకు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఒకరోజు ముందే చేరండి. రేవులో పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు, గదికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది, అందుకని మాత్రలు, పాస్‌పోర్టులు, పిల్లల ఈతబట్టలు చేతిసంచిలో ఉండాలి. గది గోడలు ఇనుపవి, అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే తడిబట్టలు తగిలించుకోవచ్చు. ఎక్కగానే ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో చూపిస్తారు, అందరూ తప్పనిసరిగా వెళ్లాలి, అత్తగారు ఆ దారి ఒకసారి నడిచి చూడటం మంచిది. ఓడ కదలకముందే ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించు. నడి సముద్రంలో శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటే మావగారి వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలకి మీ ఇంటి నెలసరి కరెంటు బిల్లంత అవుతుంది.

పెనాంగ్‌లో దిగినప్పుడు, ఎన్నింటికల్లా వెనక్కి రావాలో ఓడ దిగే తలుపు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకో. అది ఓడ గడియారం ప్రకారం, ఊరి టైము ప్రకారం కాకపోవచ్చు.

దిగే ముందురోజు రాత్రి పెట్టెలకి ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు, తెల్లారేలోగా తీసుకుపోతారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులతో సహా, విడిగా తీసి పెట్టుకున్నాకే పెట్టెలు బయట పెట్టండి. ప్రతి ఓడలోనూ ఎవరో ఒకరు నైటీతోనో లుంగీతోనో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి ఉంటారు. తిరుగు విమానం మధ్యాహ్నం రెండు దాటాక ఉండేది చూసుకో.

పెద్దమ్మ