పెర్సిమన్ పండ్ల విందు తలపెట్టిన మా మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా కోడలు పిల్లకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేశాడు. నువ్వు చేరిన కొత్త ఇంటి పెరట్లో, నారింజరంగు తియ్యటి పండ్లిచ్చే ఆ పెర్సిమన్ చెట్టు కొమ్మలు వంగేలా కాసిందనీ, ఇంకో 18 రోజుల్లో పన్నెండు మందిని భోజనానికి పిలిచి, మొదటి పళ్లెం మొదలు చివరి గిన్నె వరకు ఆ తాజా పండ్లతోనే విందు చేయాలని అనుకుంటున్నావనీ చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ఎంత సంతోషం కలిగిందో, ఫోను పెట్టేసిన తర్వాత అంత బెంగ పట్టుకుంది. మన ఇంట్లో నా తర్వాత ఆ పండును ప్రేమించిన మనిషివి నువ్వొక్కదానివే కనుక సంతోషం. ఇక బెంగ ఎందుకంటే, పండ్లు ఎలా ఉన్నాయని నేను అడిగితే మీ నాన్న, "కింద కొన తేలి గుండె ఆకారంలో ఉన్నాయట, రాయిలా గట్టిగా ఉన్నా రంగు మాత్రం వచ్చేసిందట" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవిలో మోగింది. అందుకే తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వంటింటి పని నీకు నేను నేర్పనక్కరలేదు. పండ్లు కడిగి తుడుచుకో, పదునైన కత్తి వాడు, అంతే. నేను చెప్పదలచుకున్నది అంతకు ముందు సంగతి.

పెర్సిమన్లలో తినేవాళ్లకు ముఖ్యమైనవి రెండు తెగలు. ఫుయు, జిరో వంటివి టమాటాలా అణిగి ఉంటాయి, వాటిని గట్టిగా ఉండగానే కోసుకుని తినవచ్చు. హచియా వంటివి కొన తేలి ఉంటాయి, వాటిని పూర్తిగా మెత్తబడేదాకా నోట పెట్టకూడదు. అయితే ఆకారం చూసి ప్రతిసారీ తేల్చలేము. స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో పండించే రోహో బ్రియాంతే కోలగా ఉండే వగరు రకమే అయినా, దాన్ని కార్బన్ డయాక్సైడ్ నింపిన గదుల్లో ఉంచి వగరు పోగొట్టి, గట్టిగా ఉండగానే తినేలా అమ్ముతారు. మరికొన్ని రకాల్లో గింజ పడితే దాని చుట్టూ గుజ్జు గోధుమరంగుకు తిరిగి తియ్యనవుతుంది, గింజ పడకపోతే అదే చెట్టు పండు వగరుగా మిగిలిపోతుంది. ఇంతకూ నీ చెట్టు నుంచి ఒక్క పండైనా కోసి, చిటికెడు ముక్క నాలుక మీద పెట్టుకుని చూశావా? చూడకుండానే పన్నెండు మందికి మాట ఇచ్చావంటే నాకు కోపం వస్తుంది అమ్మాయీ. రంగు చూసి పండు అనుకోవడం ఈ చెట్టు విషయంలో పనికిరాదు.

నీకు గుర్తుండి ఉండదు కానీ, ఐదేళ్ల వయసులో మా ఇంటికి వచ్చినప్పుడు, ఎవరూ చూడకుండా దోరపండు ఒకటి కొరికి, నాలుక బయటపెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అత్తయ్యా, నా నోట్లో ఎవరో దూది కుక్కారు" అని ఏడ్చావు. నీళ్లు తాగించినా పోలేదు. నిన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని అరగంట సేపు వీపు నిమిరాను. ఆ దూది, వగరు పుట్టించే టానిన్లు అనే పదార్థాల పని. ఈ చెట్టుది డయోస్పైరోస్ ప్రజాతి, తునికి చెట్టూ నల్లటి కలపనిచ్చే ఎబొనీ చెట్టూ దానికి చుట్టాలే. వగరు రకాల కాయలో టానిన్లు నీటిలో కరిగే రూపంలో ఉండి, నోట్లో లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి, అందుకే నాలుక పిడచకట్టుకుపోతుంది. పండు మెత్తబడేకొద్దీ అవి కరగని రూపంలోకి మారతాయి. అప్పుడు పండులోనే ఉన్నా నాలుకకు తెలియవు.

నోటితో పోయే సంగతైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. అవి కడుపులోనూ గడ్డకట్టగలవు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, నా చేతులతో నేనే చేసిన పొరపాటు వల్ల తెలుసుకున్నది.

నీకు ఊహ తెలియకముందు సంగతి ఇది. మా పెరటి చెట్టు మొదటిసారి బాగా కాసిన ఏడాది, మా బావగారు మా ఇంట్లో నెల రోజులు ఉందామని వచ్చారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. అంతకు చాలా ఏళ్ల క్రితమే పుండు కారణంగా ఆయన కడుపులో కొంత భాగం తీసేశారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పండే కదా, తేలికగా అరుగుతుందనుకున్నాను. పక్షులు పొడుస్తున్నాయని తొందరపడి దోరగా ఉన్నవే కోసేసి, రోజూ పొద్దున్నే పరగడుపున రెండు మూడు పండ్లు తొక్కతో సహా ముక్కలు చేసి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన నెమ్మదిగా నములుతూ, "కాస్త వగరుగానే ఉందమ్మా, అయినా నువ్వు పెంచిన చెట్టు కదా" అనేవారు. ఆ మాటలో వగరు అన్న ముక్క నేను వినలేదు, నేను పెంచిన చెట్టు అన్న ముక్క మాత్రమే విన్నాను.

మూడు వారాలు గడిచేసరికి ఆయన అన్నం దగ్గర కూర్చుని నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందని లేచిపోవడం మొదలుపెట్టారు. తర్వాత వాంతులు పట్టుకున్నాయి. అజీర్తి అనుకుని వాము నీళ్లు ఇచ్చాను, ఒక పూట పస్తు ఉండమన్నాను, రెండు రోజులు అలాగే జరుపుకొచ్చాను. మూడో రోజు ఆయన లేచి నిలబడలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాము. గొట్టంతో కడుపులోకి చూసిన డాక్టరు బయటికి వచ్చి, లోపల నల్లగా రాయిలాంటి ముద్ద ఉందని చెప్పి, "ఈ మధ్య వగరు పండ్లు ఏమైనా ఎక్కువగా తిన్నారా?" అని అడిగారు. అక్కడ ఉన్నవాళ్లందరూ నా వైపు చూడలేదు, కానీ చూసినట్టే అనిపించింది. టానిన్లు కడుపులోని ఆమ్లంతో కలిసి గడ్డకట్టి, పీచునూ తొక్కనూ తమలో చుట్టుకుంటూ గట్టిపడతాయని ఆయన వివరించారు. శస్త్రచికిత్స జరిగిన కడుపుకు అలాంటి ముద్దను కిందికి తోసే బలం ఉండదట. ఆ ముద్దను కొంత కరిగించడానికి కోలా పానీయం పట్టించారు, మెత్తబడ్డాక గొట్టంలోంచి పంపిన పరికరంతో ముక్కలు చేసి తీశారు. కోత అవసరం పడనందుకు ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

బావగారు కోలుకున్నారు, ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు, ఒక్కసారి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆ పండు తినవద్దని డాక్టర్లు చెప్పారు కనుక, ప్రతి ఏటా పండ్ల కాలంలో మేము తింటుంటే ఆయన ఒక మెత్తటి పండును అరచేతిలో పెట్టుకుని, వేలితో మెల్లగా నిమిరి, "నాకు రంగు చాలమ్మా" అని తిరిగి పళ్లెంలో పెట్టేసేవారు. అది చూసిన ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు నా భయం ఎక్కడిదో నీకు అర్థమై ఉంటుంది. మీ మామగారికి ఇరవై ఏళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. ఆ జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అలాంటివాళ్లకూ ఈ ముద్దల భయం ఉంటుంది. విందుకు ముందే ఆయన డాక్టరును అడగమను. ఆ డాక్టరు సరే అంటేనే, పూర్తిగా మెత్తబడిన పండులో కొంచెం, అదీ భోజనం తర్వాతే పెట్టు. లెక్క కూడా ఆయనకు చెప్పు: 100 గ్రాముల పెర్సిమన్‌లో సుమారు 70 కేలరీలు, 18 నుంచి 19 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, మధ్యరకం పండు ఒకటి 170 గ్రాముల దాకా తూగుతుంది. మిగతా అతిథుల్లో ఎవరికైనా కడుపు ఆపరేషన్ జరిగిందేమో మొహమాటపడకుండా ఫోనులోనే అడుగు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒకటో రెండో పండ్లు తింటే ఏమీ కాదు, వాళ్లను భయపెట్టవద్దు.

ఇక పండ్లు మాగబెట్టే పని. లాగి తెంపకు. తొడిమ కొంచెం ఉండేలా, నాలుగు ఆకుల టోపీ ఊడకుండా కత్తెరతో కోయి. టోపీ కిందికి, కొన పైకి ఉండేలా ఒకదానికొకటి తగలకుండా పరిస్తే, పండు స్థితిని బట్టి వారం నుంచి మూడు వారాల్లో మెత్తబడతాయి. నీకు 18 రోజులే ఉన్నాయి కనుక సగం పండ్లను ఇప్పుడే కోసి, కాగితపు సంచిలో ఒక అరటిపండో ఆపిలో వేసి మూతి మడిచిపెట్టు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పని తొందరచేస్తుంది. జపాన్‌లో టోపీ దగ్గర మద్యం తడిపి, గాలి చొరకుండా మూసి ఉంచి, గట్టిదనం పోకుండానే వగరు తీసే పద్ధతి ఒకటి ఉంది, కానీ మొదటిసారే పన్నెండు మంది కోసం దాన్ని ప్రయత్నించవద్దు. పండు నీళ్లు నింపిన బుడగలా చేతిలో ఊగాలి, తొక్క పలచబడి లోపలి గుజ్జు వెలుగు కనబడాలి. చెడిపోయిందేమో అనిపించేంత మెత్తగా ఉన్నప్పుడే అది తయారైనట్టు. పచ్చి కాయ రసం బట్ట మీద పడనివ్వకు, ఆ గోధుమరంగు మరక వదలదు.

అలా తయారైన పండును తినే పద్ధతుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అన్నిటికంటే సులువైనది. ఫ్రిజ్‌లో రెండు గంటలు చల్లబరిచి, టోపీ ఉన్న వైపు కోసేసి, గిన్నెలో నిలబెట్టి, చెంచాతో గుజ్జు తోడుకుని తినడమే. మధ్యలో జెల్లీలా జారే పాయలు వస్తాయి, వాటిని కొరికితే నోట్లో చిన్నగా పటుక్కుమంటాయి. ఆ పాయల కోసం మీ నాన్నా నేనూ పోట్లాడుకునేవాళ్లం. తొక్క తినవద్దు, వగరు చివరిదాకా దాక్కునేది అక్కడే. బాగా మెత్తబడిన పండ్లు కొన్నింటిని రాత్రంతా గడ్డకట్టించి, తినే ముందు ఇరవై నిమిషాలు బయట ఉంచు. పైభాగం కోసి చెంచా ఇస్తే, ఏమీ కలపకుండానే ఐస్‌క్రీములా ఉంటుంది.

ఒకటి గుర్తుంచుకుంటే మిగతా వంటకాలన్నీ నీకే తడతాయి: ఈ పండులో తీపి నిండుగా ఉంటుంది కానీ పులుపు దాదాపు లేదు. అందుకని దాని పక్కన పులుపో ఉప్పో చేదో ఉంటేనే రుచి లేస్తుంది. గుజ్జులో నిమ్మరసం నాలుగు చుక్కలు, తురిమిన అల్లం కొద్దిగా వేసి చిక్కటి పెరుగు మీద పోసి పెట్టు. అదే గుజ్జును కాల్చిన రొట్టె మీద రాసి, ఉప్పటి చీజ్ తురిమితే వచ్చినవాళ్లు మళ్లీ అడుగుతారు. ఇంకొకటి చూస్తే పిల్లలకు ఇంద్రజాలంలా ఉంటుంది. రెండు గిన్నెల గుజ్జుకు ఒక గిన్నె చల్లటి పాలు కలిపి చిలికి, కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే, పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం పాలలోని కాల్షియంతో కలిసి, పొయ్యి అవసరం లేకుండా పుడ్డింగులా పేరుకుంటుంది. గుజ్జును మాత్రం పొయ్యి మీద ఉడికించవద్దు, పోయిందనుకున్న వగరు వేడికి తిరిగి రావచ్చు.

మొదటి పళ్లేనికి మెత్తటి పండు కుదరదు. దానికి ఫుయు పండ్లు ఐదారు కొనుక్కో, ఈ ఒక్క విషయంలో నీ చెట్టు మీద పట్టుదల పెట్టుకోకు. తొక్క తీసి అడ్డంగా పలచటి చక్రాలుగా తరిగితే ప్రతి చక్రం మధ్యలో నక్షత్రం కనిపిస్తుంది. వాటి మీద నిమ్మరసం, ఉప్పు, కొంచెం కారం చల్లితే అదే సరిపోతుంది. చేదుగా ఉండే ఆకుకూరలు, దానిమ్మ గింజలు, వేయించిన వాల్‌నట్లు కలిపితే సలాడ్ అవుతుంది. ఆపిల్ ముక్కల్లా ఇవి తొందరగా నల్లబడవు కనుక ముందే తరిగిపెట్టుకున్నా పరవాలేదు. కొన్న పండ్లను మాత్రం రోజుల తరబడి ఫ్రిజ్‌లో ఉంచకు, కరకరలాడే గుజ్జు జిగురుగా మారిపోతుంది.

పై కొమ్మల్లో అందని పండ్ల కోసం చెట్టు ఎక్కవద్దు. పెర్సిమన్ కొమ్మలు చూడటానికి దిట్టంగా ఉన్నా పెళుసు, చెప్పకుండా విరుగుతాయి. నువ్వు చిన్నప్పటి నుంచీ చెట్టు కనబడితే ఎక్కే పిల్లవని నాకు తెలుసు కనుక ఇది రెండోసారి కూడా రాస్తున్నాను: ఎక్కవద్దు. అవి పక్షులకు వదిలెయ్యి.

ఈ ఉత్తరం అందిన రోజే ఒక పండును అడ్డంగా కోసి, గింజలు ఉన్నాయా, గుజ్జు ఏ రంగులో ఉంది, నాలుక మీద చిటికెడు ముక్క ఏమంది, ఈ మూడూ నాకు ఫోను చేసి చెప్పు. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య