రిజల్ట్ రాకముందే థ్యాంక్స్ చెప్పొచ్చా?

ప్రశ్న: మేడం, మాది రెండో ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సైకిల్, మొదటిది ఫెయిలైంది. ఈసారి ఎగ్ పికప్ అయ్యాక, అంటే ఓవరీల నుంచి ఎగ్స్ తీశాక, ల్యాబ్‌లో తయారైన ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజ్ చేశారు, నా ఒంట్లో కాస్త కుదుటపడ్డాక రెండు నెలలకి వాటిని గర్భంలో పెడదామన్నారు, ట్రాన్స్‌ఫర్ అంటారు కదా, అది. నేను అడిగేది ట్రీట్‌మెంట్ గురించి కాదు. అక్కడ ఒక సిస్టర్ ఉన్నారు, పోయినసారి రిపోర్ట్ నెగటివ్ అని ఫోన్‌లో చెప్పింది ఆవిడే, చెప్పేసి పెట్టేయలేదు, నేను ఏడ్చినంతసేపు ఏం మాట్లాడకుండా లైన్‌లోనే ఉన్నారు. మళ్లీ ఇన్ని నెలలకి మొదటి ఇంజెక్షన్‌కి వెళ్తే "పోయినసారి మీకు ఎడమపక్క బాగా కమిలింది కదా, ఈసారి కుడిపక్క చేద్దాం" అన్నారు. ఆవిడకీ, ట్రిగ్గర్ ఇంజెక్షన్ టైమ్ రెండుసార్లు ఫోన్ చేసి గుర్తుచేసిన రిసెప్షన్ అమ్మాయికీ, అసలు మొహమే చూడని ల్యాబ్ వాళ్లకీ థ్యాంక్స్ చెప్పాలనుంది. మావారేమో పాజిటివ్ వచ్చాక చెబుదాంలే అంటున్నారు. మళ్లీ నెగటివ్ వస్తే ఆ గుమ్మం తొక్కే ధైర్యం నాకుంటుందా? ఇంకో మాట, వాళ్లు ఇంత బాగా చూస్తుంటే మాటిమాటికీ ఫోన్ చేసి విసిగించాలంటే మొహమాటం. పికప్ తర్వాత నాలుగు రోజులు పొట్ట ఉబ్బిపోయి ఆయాసం వచ్చింది, ఎవరికీ చెప్పలేదు, అదే తగ్గింది.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే ఆగిపోయానమ్మా, అందుకే దాంతోనే మొదలుపెడతా. పికప్ తర్వాత కొంచెం ఉబ్బరం చాలామందికి ఉంటుంది, కానీ ఆయాసం రావడం, ఒక్క రోజులో బరువు పెరిగిపోవడం, యూరిన్ తగ్గడం, వాంతులు ఆగకపోవడం ఇలాంటివి ఏవి కనపడినా అర్ధరాత్రైనా ఫోన్ చేయాల్సిందే. ఇంజెక్షన్లకి ఓవరీలు అతిగా స్పందిస్తే అలా అవుతుంది, దాన్నే ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు, ముదిరితే ప్రమాదం. ప్రెగ్నెన్సీ వస్తే అది ఇంకా ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టే చాలాసార్లు ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి ట్రాన్స్‌ఫర్ వాయిదా వేస్తారు. మీరు మొహమాటపడి దాచింది సరిగ్గా ఆ సిస్టర్ తెలుసుకోవాలనుకునే విషయమే. వాళ్లు మంచివాళ్లు కాబట్టి ఇబ్బంది పెట్టకూడదు అనుకున్నారు మీరు, వాళ్లు మంచివాళ్లు కాబట్టే చెప్పాలి. కృతజ్ఞత అంటే నోరు మూసుకుని ఉండటం కాదు, డౌట్ ఉంటే అడగండి, అర్థం కాకపోతే మళ్లీ అడగండి, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలనిపించినా వాళ్లకి ద్రోహం చేసినట్టు కాదు.

ఇక థ్యాంక్స్ సంగతి. ఇప్పుడే చెప్పండి, ట్రాన్స్‌ఫర్ కూడా కాకముందే. అన్నీ సరిగ్గా చేసినా ఎంబ్రియో నిలవకపోవచ్చు, అది ఎవరి చేతిలోనూ లేదు, వాళ్ల చేతిలో ఉన్నది వాళ్లు చేసేశారు కదా. మీరు ఏడుస్తుంటే ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆ కాసేపు ఏ రిపోర్ట్ వచ్చినా మారిపోదు. మీవారిని తప్పుపట్టను, ఆయనకి ఆశపడాలంటేనే భయంగా ఉండుంటుంది, ఆయన్ని బలవంతపెట్టకండి, ఉత్తరం మీరొక్కరే రాయండి.

రిసెప్షన్ అమ్మాయిని కలుపుకున్నందుకు నాకు భలే సంతోషమేసింది. ట్రిగ్గర్ అంటే ఎగ్స్ పూర్తిగా ఎదగడానికి చివర్లో వేసే ఇంజెక్షన్, అది వేసిన సుమారు 36 గంటలకి ఎగ్స్ తీస్తారు, తీయడం మరీ ఆలస్యమైతే అవి ముందే విడుదలైపోవచ్చు, అన్ని రోజుల ఇంజెక్షన్లు, స్కాన్లు వృథా అయ్యే ప్రమాదం ఉంటుంది. ఆ అమ్మాయి రెండోసారి చేసిన ఫోన్ అందుకే. ల్యాబ్ వాళ్ల పనీ అంతే, స్పెర్మ్ కలిపిన 16 నుంచి 18 గంటలకి ఫెర్టిలైజ్ అయ్యిందా లేదా అని చూడాలి, ఆదివారమా పండగా అని చూసుకోడానికి లేదు. 37 డిగ్రీల్లో పెట్టి కాపాడాలి, డిష్ మార్చిన ప్రతిసారీ పేరు సరిచూడాలి, మామూలుగా ఒకరు చేస్తుంటే ఇంకొకరు పక్కనుండి చెక్ చేస్తారు. ఇప్పుడు మీ ఎంబ్రియోలు మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నాయి, ఆ ట్యాంక్ లెవెల్ చూసేది కూడా ఎవరో ఒకరేగా.

కనపడకుండా పనిచేసేవాళ్ల గురించి అంటే నాకు జీన్ పర్డీ గుర్తొస్తారు. 1978 జులై 25న ఇంగ్లండ్‌లో మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టిందంటే అందరూ దాని వెనకున్న శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్, డాక్టర్ స్టెప్టో పేర్లే చెబుతారు, ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ కూడా వచ్చింది. వాళ్లతో పాటు ఏళ్ల తరబడి ల్యాబ్‌లో పనిచేసిన పర్డీ నర్సుగా చదువుకున్న మనిషి. ప్రపంచంలో మొదటి ఐవీఎఫ్ ఎంబ్రియాలజిస్ట్, అంటే ల్యాబ్‌లో ఎంబ్రియోలను చూసుకునే నిపుణురాలు, ఆవిడే అంటారు. ఆ విజయానికి గుర్తుగా ఆస్పత్రిలో ఫలకం పెడుతుంటే ఆవిడ పేరు కూడా ఉండాలని ఎడ్వర్డ్స్ పట్టుబట్టి ఉత్తరాలు రాశారు, అయినా అప్పట్లో పెట్టలేదు. 1985లో, 39 ఏళ్లకే ఆవిడ పోయారు. అందుకే అంటున్నా, మీ ఉత్తరంలో పేర్లు రాయండి. పేరు తెలియకపోతే రిసెప్షన్‌లో అడగండి, అదీ కుదరకపోతే కవర్ మీద "ల్యాబ్‌లో ఉన్నవాళ్లకి" అని రాసినా చేరుతుంది.

పెద్ద మాటలు వద్దు, దేవతలు అనొద్దు. ఎడమపక్క కమిలిన సంగతి గుర్తుపెట్టుకున్నారు అని నాకు రాసినట్టే రాయండి చాలు. ఒక కాపీ క్లినిక్ హెడ్‌కి ఇవ్వండి, ఫిర్యాదులైతే పైకి వెళ్తాయి గానీ మంచి మాట అక్కడే ఆగిపోతుంది. డబ్బులు, ఖరీదైన గిఫ్టులు మాత్రం వద్దు, చాలా ఆస్పత్రుల్లో తీసుకోకూడదని రూల్ ఉంటుంది, పాపం కాదనలేక ఇబ్బంది పడతారు. రేపు బిడ్డ పుట్టాక చూపించడానికి వెళ్లాలనిపిస్తుంది, వెళ్లండి, కాకపోతే ముందు ఫోన్ చేసి వెయిటింగ్ హాల్లో ఎవరూ లేని టైమ్ అడగండి, నెగటివ్ రిపోర్ట్ పట్టుకుని అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరం నిదానంగా రాసుకోండి. ఆ ఆయాసం సంగతి మాత్రం ఇవాళే ఫోన్ చేసి సిస్టర్‌కి చెప్పండి, ట్రాన్స్‌ఫర్‌కి ముందే అది మీ ఫైల్‌లో ఎక్కాలి.