తెల్లగోడ, ఒక రాయి, కాస్త వెదురు

ప్రశ్న: చైనాలో కొత్త అపార్ట్‌మెంట్ల ఆవరణల్లోకి సుజౌ నగరపు పాతకాలం తోటల పోకడ ఎలా తెస్తారు? చిన్న మంటపం కట్టి, ఎర్ర లాంతర్లు వేలాడదీస్తే చాలదా?

జవాబు: చాలదండీ. సుజౌ తోట ప్రాణమంతా దాచి చూపించడంలో ఉంది. గేటు దాటగానే అంతా కనబడిపోకూడదు. ముందు గోడ అడ్డు రావాలి, అందులోని గుండ్రటి ద్వారంలోంచి ఒక కొమ్మ మాత్రం తొంగి చూడాలి. 2006లో తెరిచిన సుజౌ మ్యూజియంలో దాని వాస్తుశిల్పి ఐ.ఎం.పే తెల్లగోడ ముందు పలకలుగా కోసిన రాళ్లు నిలబెట్టారు. దూరం నుంచి అవి సిరాతో గీసిన కొండల్లా ఉంటాయి. మంటపం లేకుండానే చైనా కనిపిస్తుంది!

ఇళ్ల దగ్గర అసలు తిప్పలు నేల కింద. తోట చాలాసార్లు పార్కింగ్ శ్లాబు మీదే ఉంటుంది. ఈ తోటల్లో నిలబెట్టే, తైహు సరస్సు పేరున్న బొరియల రాయి సున్నపురాయే. నిండు రాయైతే ఘనమీటరు రెండున్నర టన్నులు దాటి కూడా తూగొచ్చు. ఇంజినీరుకు చూపించి, బరువు స్తంభం నెత్తిన పడేలా నిలపాలి, శ్లాబు నడుమ కాదు. వెదురుకు 60 సెంటీమీటర్ల మట్టి పోసి, చుట్టూ మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు దించి, అంచు 5 సెంటీమీటర్లు పైకి వదలండి. లేదంటే పిలకలు దాన్ని దాటిపోతాయి, వాటర్‌ప్రూఫింగ్‌ను చీలుస్తాయి.

తెల్లగోడ అడుగున పాచి పట్టేది చినుకులు మట్టిని చిమ్మడం వల్ల. అక్కడ 40 సెంటీమీటర్ల వెడల్పున గులకరాళ్లు పరవండి. గోడ నెత్తిన నల్లపెంకులు బయటికి పొడుచుకొచ్చి ఉండాలి, లేకుంటే నల్లటి చారలు దిగుతాయి.