అసెంబ్లీలో బిల్లు పాస్ అయితే చట్టం వచ్చేసినట్టేనా?

మీరు అడిగింది ఏందంటే, టీవీలో బిల్లు పాస్ అయిందని చూసినారు, ఆఫీసుకు పోతే అట్లాంటి రూలేదీ మాకు రాలేదన్నారు, ఎవరిది నిజం అని. ఇద్దరిదీ నిజమే. సభలో పాస్ అయిన రోజుకూ అది మన మీద అమలయ్యే రోజుకూ మధ్య చానా దూరం ఉంటుంది. మాది కర్నూలు కాబట్టి ఆ దూరం కళ్ళారా చూసినాం.

2020 జనవరి 20న మూడు రాజధానులు పెట్టే పాలనా వికేంద్రీకరణ బిల్లు మా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో పెట్టి అదే రోజు పాస్ చేసినారు, దాంట్లో కర్నూలు న్యాయ రాజధాని, అంటే హైకోర్టు మా ఊరికి రావాల. ఇంక మా ఊర్లో యాడ చూసినా స్థలాల రేట్ల మాటే. నేనప్పుడు కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేస్తాండా. మా చిన్నాయన ఫోన్ చేసి "చట్టం వచ్చేసిందంట కదరా, నంద్యాల రోడ్డులో ప్లాటుకు బయానా ఇస్తాండా" అన్నాడు. ఆగు చిన్నాయనా, ఇంకా రెండో సభ, శాసన మండలి ఉంది, గవర్నర్ సంతకం ఉంది అంటే కోపం చేసుకున్నాడు గానీ ఆగినాడు.

రెండు రోజులకే మండలి చైర్మన్ బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే దాన్ని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి పంపిస్తున్నాం అన్నారు. ఇక్కడ ఒకటి తెలుసుకోవాల, రాష్ట్రంలో మండలి బిల్లును ఆలస్యం చేయగలదు గానీ ఆపేయలేదు. రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మూడు నెలల్లో పాస్ చేయకపోతే అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసి పంపొచ్చు, ఆ తర్వాత ఇంకో నెల దాటితే మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పాస్ అయినట్టే. అట్లే జరిగింది, జూన్‌లో అసెంబ్లీ రెండోసారి పాస్ చేసింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం పెట్టినారు. అంతా అయినాక హైకోర్టు యథాతథ స్థితి, అంటే ఉన్నది ఉన్నట్టే ఉండాల అనింది, 2021 నవంబర్‌లో ప్రభుత్వమే ఆ చట్టాన్ని రద్దు చేసింది, ఆ రద్దుకు కూడా మళ్ళీ ఒక బిల్లే పెట్టాల్సి వచ్చింది.

ఢిల్లీలో లెక్క వేరే. మనీ బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) కాకుంటే లోక్‌సభ, రాజ్యసభ రెండూ ఒప్పుకోవాల్సిందే, కుదరకపోతే రాష్ట్రపతి ఉమ్మడి సమావేశం పిలవొచ్చు. అట్లా పాస్ అయినవి ఇప్పటిదాకా మూడే, 1961లో వరకట్నం బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాదం మీద తెచ్చిన పోటా. రాష్ట్రాల్లో ఈ ఉమ్మడి సమావేశం లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది కమిటీ దశ. సభలో పెట్టడం, చర్చ, క్లాజు క్లాజుకూ ఓటు, ఇవి ఒక్క పూటలో మూజువాణి ఓటుతో అయిపోతాయి, కమిటీకి పోతేనే రైతు గానీ వ్యాపారి గానీ లాయర్ గానీ ఈ లైను మాకు ఇబ్బంది అని రాసి పంపే వీలుంటుంది. పెట్టిన రోజే పాస్ చేసే బిల్లులు చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఏ పార్టీ చేసినా సరే.

సంతకం అయినా కూడా ఆగాల. లారీ డ్రైవర్లు 2024 జనవరి మొదట్లో సమ్మె చేసినారు గుర్తుందా, ఐపీసీ బదులు తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో యాక్సిడెంట్ చేసి పారిపోతే పదేళ్ళు అని ఉందని. ఆ చట్టం 2023 డిసెంబర్‌లో పార్లమెంటులో పాస్ అయింది, 25న రాష్ట్రపతి సంతకం, అమలు మాత్రం 2024 జూలై 1 నుంచి, అదీ పారిపోతే పదేళ్ళు అనే 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ పక్కన పెట్టి మిగతాది. ఆ ఉపసెక్షన్ పుస్తకంలో అచ్చయి ఉంది, అయినా జూలై 1న అమల్లోకి రాలేదు.

ఇంకోటి, తీర్మానాన్ని చట్టం అనుకోవద్దు. 2024 నవంబర్‌లో కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, అది మన కోరిక చెప్పడం వరకే, బెంచి రావడానికి హైకోర్టు, కేంద్రం కూడా కదలాల.

కాబట్టి మీ విషయంలో ఆ బిల్లు పేరు, సంవత్సరం పెట్టుకుని గెజిట్ (ప్రభుత్వం చట్టాలు, ఉత్తర్వులు అచ్చేసే పత్రిక) వెబ్‌సైట్‌లో వెతకండి, ఫ్రీగానే దొరుకుతుంది. యాక్ట్ నంబరు పడిందా లేదా చూడండి, పడింటే మొదటి సెక్షన్ చదవండి. వెంటనే అమలు అని ఉంటే ఆఫీసు వాళ్ళకు ప్రింటు తీసి చూపించండి, ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అని ఉంటే ఆ నోటిఫికేషన్ వేరేగా వెతకాల, అది రాలేదంటే ఆఫీసు వాళ్ళు చెప్పింది కరెక్టే.